ఐరిష్ రాజు చూడని ఓడలు

మార్చి 9, ఆదివారం

ప్రియమైన మిత్రుడికి,

నీ పాత నేస్తం, కళ్ళద్దాల షాపువాడు రాస్తున్న ఉత్తరం. నువ్వూ, చెల్లెమ్మా, పిల్లలూ ఒంట్లో బాగుండి, పనులు సాఫీగా సాగుతున్నాయని తలుస్తాను. ఇక్కడ మేమందరం కూడా అలాగే ఉన్నామని తర్వాతి వాక్యం రాయాలి. ఈసారి ఆ వాక్యం రాయడానికి చెయ్యి రావడం లేదు.

మాస్టారు పోయారు. పోయిన నెల పదిహేడున, పొద్దున పదింటికి.

మూడేళ్ళుగా మన మధ్య మాటల్లేవు. కవరు మీద నా చేతిరాత చూసి కూడా చింపకుండా ఇంతదాకా చదివావంటే అదే పదివేలు. నువ్వు ఊరు మారాక నీ చిరునామా దొరకడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఆలస్యానికి ఏమీ అనుకోకు.

డిసెంబరు చివర్లో ఆయన మెట్లు దిగుతూ, మెట్లు అయిపోయాయనుకుని అడుగేశారు. ఇంకో మెట్టు ఉంది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను బాగానే జరిగింది గానీ మళ్ళీ మంచం దిగలేదు. తర్వాత ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. ఏడు వారాలు అలాగే ఉన్నారు. వాళ్ళమ్మాయి ఉద్యోగానికి సెలవు పెట్టి పక్కనే ఉంది. మధ్యాహ్నం షాపు మూసే రెండు గంటలూ నేను వెళ్ళి కూర్చునేవాణ్ణి.

అన్నేళ్ళు ఎక్కి దిగిన మెట్లు కదా, ఎలా పొరబడ్డారని నువ్వు అడుగుతావు. ఆయనకి అప్పటికి కళ్ళు కనిపించడం లేదురా. నీకు చెప్పాల్సింది అదే. కానీ మొదట్నుంచీ చెప్తే గానీ నీకు అర్థం కాదు.

మా బిల్డింగు లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. లోపల ఆయనా నేనూ. అప్పటికే ఆయన నా దగ్గర కళ్ళద్దాలు చేయించుకోబట్టి ఆరేళ్ళు. నాకు ఇరుకు చోట్లంటే భయమని కనిపెట్టి, ఆయన ఓడల మీద వచ్చి దోచుకునే వైకింగుల కథ ఎత్తుకున్నారు. ఓడలు నదుల్లోకి ఎలా చొరబడేవి, మఠాలు ఎలా తగలబడేవి, ఐరిష్ రాజులు ఒకళ్ళనొకళ్ళు నమ్మక ఎలా చెడిపోయారు, అన్నీ. లిఫ్టు బాగుచెయ్యడానికొచ్చిన నువ్వు బయట తలుపు సందులో కడ్డీ దూర్చి తెరుస్తూ, సగంలో పని ఆపి, "తర్వాతేమైందండీ?" అని అడిగావు. ముందు మమ్మల్ని బయటికి తియ్యవయ్యా అని నేను అరిచాను. తలుపు తెరుచుకున్నాక కూడా ఆ కథ పూర్తయ్యేదాకా ముగ్గురం వరండాలోనే నిలబడ్డాం. ఇదంతా కంప్యూటర్లో ఆటగా వచ్చింది, ఆదివారం మా ఇంటికి రండి, రాజ్యాలు పంచుకుందాం అన్నారాయన.

అలా మొదలైంది. స్టేషనరీ షాపు పైన ఆయన రెండు గదులు, పుస్తకాల బీరువా పక్కన కంప్యూటరు, దాని ముందు ఒకే ఒక్క మెత్తటి కుర్చీ. ఎవరి వంతు వస్తే వాళ్ళు అందులో కూర్చోవాలి, మిగతా ఇద్దరూ వంటగదిలోకి పోయి టీ పెట్టుకోవాలి. ఇంగ్లండులో సాక్సను రాజుని నేను. కోటలు కట్టుకుంటూ కూర్చునేవాణ్ణని నన్ను 'గోడల రాజా' అని ఏడిపించేవాడివి. వైకింగువి నువ్వు. దండయాత్రకి బయల్దేరే ముందు చేతులకి గ్రీజు ఉందేమో చూసుకుని మౌసు పట్టుకునేవాడివి. ఐర్లాండు ఎప్పుడూ మాస్టారిదే. అంత బలహీనమైన రాజ్యం ఎందుకండీ అంటే, నలభై మంది పిల్లల క్లాసుని అదుపులో పెట్టేవాడికి కొట్టుకుచచ్చే చిన్న రాజులు ఒక లెక్కా అనేవారు. ఎనిమిదేళ్ళలో అయిదు ఆటలు పూర్తి చేశాం. అయిదూ నువ్వే గెలిచావు.

ఆరో ఆటలో ఉండగా ఆయన నా షాపుకి వచ్చారు. అద్దాలు మార్చాలేమో, పుస్తకంలో వరస తప్పుతోందన్నారు. అక్షరాల బోర్డు ముందు కూర్చోబెడితే చిన్న అక్షరాలు కూడా గడగడా చదివేశారు. కానీ పక్కనుంచి నా చెయ్యి ముందుకి తెస్తుంటే చాలాసేపు కనిపెట్టలేదు. అద్దాలతో పోయేది కాదు, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను. నీటికాసులు, అదే గ్లకోమా. చూపు అంచుల నుంచి మాసిపోతూ వస్తుంది, మధ్యలో ఉన్నది చివరిదాకా కనిపిస్తుంది గనక మనిషికి తెలియదు. అప్పటికే చాలా భాగం పోయిందన్నారు. ఉన్నదాన్ని నిలబెట్టడానికి చుక్కల మందు రాశారు.

ఎవరికీ చెప్పొద్దని ఆయన నా దగ్గర మాట తీసుకున్నారు. రిటైరవడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది. తెలిస్తే మర్నాడే క్లాసు తీసేసి ఆఫీసులో కూర్చోబెడతారని భయం. నీకైనా చెబుదామన్నాను. "వాడి కడుపులో మాట దాగదు, బడి లిఫ్టు చూసేది కూడా వాడే, హెడ్మాస్టరుతో గంటలు గంటలు కబుర్లాడతాడు, వద్దులే" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నువ్వంటే అంత ఇష్టంరా ఆయనకి.

అందుకే ఆయన వంతులో నేను పక్కన స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. నువ్వు ఒక్కడివే వంటగదిలో ఉండేవాడివి. తెర మూలల్లో వచ్చే వార్తలు, సైన్యాల లెక్క, అవతలి రాజులు పంపే సందేశాలు నేనే చదివి వినిపించేవాణ్ణి. మ్యాపులో ఆయనకి మధ్యలో అరచేతి మేర కనిపించేది. పడమటి తీరంలో నీ ఓడలు దిగినా ఆయన చూడలేదు. నువ్వేమో మాస్టారు నీకు దారి వదిలారనుకుని లోపలికి వచ్చావు, ఆటలో రెండు ఋతువుల తర్వాత ఆయన సైన్యం, నా సైన్యం రెండు వైపుల నుంచీ నిన్ను మూసేశాయి. నీ ఓడలన్నీ తగలబడ్డాయి.

ఆ ఆదివారం నువ్వు కుర్చీలోంచి లేచిన తీరు ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. మీరిద్దరూ కుమ్మక్కయ్యారు, పక్కపక్కన కూర్చుని గుసగుసలాడుతుంటే నాకు తెలీదనుకున్నారా అన్నావు. ఆట అన్నాక గెలుపూ ఓటమీ ఉంటాయిరా అని నేను సర్దబోయాను. నువ్వు నా వైపు తిరగనే లేదు. ఆయన వైపే చూస్తూ అన్నావు: "మీకేమైంది మాస్టారూ? ఎన్నిసార్లు అడిగాను! కళ్ళు పోయాయా మీకు?"

ఆయన టేబులు మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చున్నారు. నువ్వు చెప్పులు సగం వేసుకునే మెట్లు దిగిపోయావు. నీ చప్పుడు ఆగాక, "వాడు ఏం అడిగాడు?" అన్నారు. వాడి కోపం సంగతి మీకు తెలిసిందేగా అన్నాను.

తర్వాత రెండు ఆదివారాలు ఆయన నీ కోసం టీ కూడా పెట్టించారు. మూడోవారం నేనే కంప్యూటరు మీద గుడ్డ కప్పాను. నువ్వేమో ఉద్యోగం మార్చుకుని వేరే ఊరు వెళ్ళావని లిఫ్టు బాగుచెయ్యడానికొచ్చిన కొత్తతను చెప్పాడు.

బడిలో తొమ్మిది నెలలు నెట్టుకొచ్చారు. పాఠాలన్నీ కంఠతా వచ్చు కాబట్టి పిల్లలకి అనుమానం రాలేదు. ఒకరోజు గోడకున్న మ్యాపు మీద కర్ర పెట్టి పాఠం చెబుతుంటే ముందు బెంచీలో పిల్ల ఒకతె లేచి, మాస్టారూ, మ్యాపు నిన్న అటు పక్క గోడకి మార్చారండీ అందట. ఎవరూ నవ్వలేదట. అదే తట్టుకోలేకపోయానని నాతో అన్నారు. ఆ సాయంత్రమే వెళ్ళి ఆయనే రాజీనామా కాగితం ఇచ్చేశారు. నిరుడు వేసవికల్లా మిగిలిన ఆ అరచేతి మేరా పోయింది.

ఇదీ సంగతి. ఆ రోజు నువ్వన్న మాట తెలియక అన్నావు. తెలిసుంటే నాలుక కొరుక్కునేవాడివని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. నీ మీద ఆయన ఏనాడూ కోపం పెట్టుకోలేదు. నీ తొందరపాటు నీ గుణం, దానికి నిన్ను తప్పుపట్టి లాభం లేదు. మనసు కష్టపెట్టుకోకు.

రేపు వాళ్ళమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను. పుస్తకాలు సర్దాలి. చివర్లో తనని కూడా నీకు రెండు మాటలు రాయమని అడిగి, అప్పుడు పోస్టు చేస్తాను. నిన్ను బాబాయ్ బాబాయ్ అంటూ తిరిగిన పిల్ల కదా. చెల్లెమ్మని అడిగానని చెప్పు. పిల్లలకి ఆశీస్సులు.

ఇట్లు,
నీ గోడల రాజు

తా.క.: సోమవారం.

వెళ్ళాను. ఉత్తరం సంగతి చెప్పి, నువ్వు కూడా ఒక మాట రాయమ్మా అన్నాను. పుస్తకాలు కట్టే తాడు చేతిలో పట్టుకునే, "మా నాన్న చావుబతుకుల్లో ఉండి పిలిస్తే రాని మనిషికి నేనేం రాస్తానండీ?" అంది.

నువ్వు రానన్నావని ఆ పిల్లకి చెప్పింది నేనేరా.

పైన రాసిన ఉత్తరం మళ్ళీ చదివాను. అందులో జరగనిది పెద్దగా ఏమీ లేదు. జరిగినదాన్ని వదిలేశాను. ఆ ఆటలో నువ్వు మాస్టారికి మూడుసార్లు సంధి పంపావు. నేను చదివి వినిపించలేదు. తెర మీద నీ సందేశం వచ్చింది, ఆయన ఏమొచ్చిందన్నారు, ఏమీ లేదు మాస్టారూ అన్నాను. మూడోసారి, వైకింగు యుద్ధం ప్రకటించాడన్నాను. అయిదు ఆటలు ఓడిపోయానన్న ఉక్రోషం ఒకటి. నీ వంతు అయ్యాక ఆయన నిన్ను చూసి నవ్వినట్టు నన్ను చూసి ఎప్పుడూ నవ్వలేదన్నది ఇంకోటి. అరవై దగ్గరపడుతున్నవాడికి ఇదేం బుద్ధని నువ్వు అడగొచ్చు. నేనూ నన్ను అదే అడిగాను.

జనవరిలో ఆయనకి పొద్దుపోక, అమ్మాయి ఆ పాత ఆట తెరిచి, అందులో ఋతువు ఋతువుకీ నమోదైన వృత్తాంతం మొత్తం చదివి వినిపించింది. మర్నాడు నేను వెళ్ళేసరికి ఆమెని మందులకి పంపించి, "మన వైకింగు నాకు మూడుసార్లు సంధి పంపాడట. నువ్వు చదివావా? నేనే మర్చిపోయానా?" అని అడిగారు. అప్పుడైనా చెప్పాల్సింది. చదివాను మాస్టారూ, మీరే వద్దన్నారు అన్నాను.

ఆయన, "అయితే తప్పు నాదేనన్నమాట. వాడిని ఒక్కసారి రమ్మని రాయి. క్షమించమని అడగాలి" అన్నారు.

నీ చిరునామా నా దగ్గర రెండేళ్ళుగా ఉంది. కొత్త మెకానిక్కే రాసిచ్చాడు. నువ్వు వస్తే ఆ మంచం పక్కన నా బండారం బయటపడుతుందని రాయలేదు. రాశానని చెప్పాను. ఆయన రోజూ అడిగేవారు. జవాబు రాలేదన్నాను. చివరికి రానన్నాడని చెప్పాను. "పోనీలే, వాడికి దెబ్బ అంత గట్టిగా తగిలింది" అన్నారు. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు.

ఇదంతా ఇందాక ఆ పిల్లకి చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నా దగ్గరున్న మాస్టారి గది తాళంచెవి ఇచ్చేయమంది. మెకానిక్కు రాసిచ్చిన కాగితంలో ఉన్న మీ బిల్డింగు మేనేజరు నంబరు తీసుకుంది, నీకు తనే ఫోన్ చేస్తానంది. తను చేస్తే మాట్లాడు, నా మీద కోపం తన మీద చూపించకు. నాకు జవాబు రాయనక్కర్లేదు.

ఆయన నువ్వు రాలేదనుకుంటూనే పోయారు. నువ్వు రాకపోవడం కాదురా. నిన్నెవరూ పిలవలేదు.