ఎవరి పేరు ముందు

మార్చి 3
మా రీసెర్చ్ పేపర్ తయారైంది. నా పేరు కృతజ్ఞతల్లో ఉంది, కంప్యూటర్లు బాగుచేసే అతని పక్కన. మూడేళ్లు లెక్కలతో తల బద్దలు కొట్టుకున్నది నేను. పేపర్ మీద మాత్రం మా గైడ్ సార్, సీనియర్ అన్న పేర్లే. ఒళ్లు మండిపోతోంది.

మార్చి 4
సార్ గదికి వెళ్లి అడిగేశాను. స్థలం, కాలం ముందే వేసిపెట్టిన వేదిక కాదు, ఉన్నవన్నీ సంబంధాలే, గురుత్వమూ వాటిలోంచే రావాలి అన్నది మా పేపర్. సార్ దాన్నే పట్టుకుని, ముందూ వెనకా లేని సిద్ధాంతంలో పేర్ల కోసం గొడవేంటమ్మా అన్నారు. అన్న ఇకిలించాడు. అయితే మీ పేర్లే తీసేయండి అనాల్సింది. గుమ్మం దాటాక తట్టింది.

అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాను. సంబంధాలే లోకమని తెలుసుకోడానికి ఇంత చదువెందుకే, ఒక్క పెళ్లికి వచ్చుంటే తెలిసేది అంది. నవ్వొచ్చింది. ఆ వెంటనే మళ్లీ కోపం. మా ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్‌కి మెయిల్ పెట్టాను.

మార్చి 10
ల్యాబ్‌లో నాతో మాటల్లేవు. పోనీ. కూర్చుని కోఆర్డినేట్లు మార్చి లెక్క మళ్లీ చేశాను. అవి మన వీలు కోసం గీసుకునే గళ్లు. గళ్లు మారితే జవాబు మారకూడదు. మారింది.

మళ్లీ చేశాను. మళ్లీ మారింది. తప్పు అన్న చేసిన భాగంలో ఉంది. కాలం ముందే వేసిపెట్టింది కాదంటూనే, లోపల ఒక స్థిరమైన గడియారం దూర్చేశాడు.

చెప్పను. శుక్రవారం ఈ పేపర్ మీద సార్ ఉపన్యాసానికి పెద్ద తలకాయలన్నీ వస్తున్నాయి. వాళ్లే పట్టుకుంటారు. పడనీ ఇద్దర్నీ గోతిలో. నా పేరు లేదుగా.

మార్చి 13
డైరెక్టర్ తేల్చేశారు. నా పేరే మొదట. రేపు మొదటి స్లైడ్ మీద కూడా.

లెక్క పట్టుకుని సార్ దగ్గరికి పరిగెత్తాను. చూశారు, అర్థమైంది కూడా. చిన్న విషయం, తర్వాతి పేపర్లో సర్దుదాం అన్నారు. పైగా, పేరు కావాలని ఊరంతా చాటింది నువ్వేగా అన్నారు. నా థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది ఎవరో కూడా గుర్తుచేశారు, ఎంతో ప్రేమగా. ముసలి నక్క.

మార్చి 14
ప్రశ్నలున్నాయా అన్నారు సార్. ఆ హాల్లో ఒక్కరికీ తప్పు కనబడలేదు. చప్పట్లు మొదలయ్యాయి.

చెయ్యెత్తాను. మైకు తెచ్చినతను నా పేరు అడిగాడు. తెర మీది మొదటి పేరు వైపు వేలు చూపించాను.