రెండోసారి వేలిముద్రలు

మర్సెడ్,
మార్చి మొదటి వారం

ప్రియమైన ఎవుసేబియో బాబాయికి,

ఫోన్‌లో నీకు సగం మాటలే వినబడతాయి కనుక రాస్తున్నాను. నువ్వు సలీనాస్‌లో కూతురింటికి వెళ్ళిన దగ్గర్నుంచి మన తాళాల కొట్టు పని కుంటుపడింది. తాళాలు విప్పి బిగించే ప్రతివాడూ ఇప్పుడు ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి, వేలిముద్రలిచ్చి తన మీద పోలీసు కేసులేవీ లేవని తేల్చుకోవాలి. సరే. మొన్న మొన్న పనిలో చేరిన నాకు ఈ పని చేసుకోవచ్చనే కార్డు వచ్చేసింది. నాకు పని నేర్పిన నీకు రాలేదు. పైగా నిన్ను రెండోసారి వేలిముద్రలు ఇమ్మన్నారట.

కార్డు వచ్చేదాకా నిన్ను ఎవరి తాళం మీదా చెయ్యి వేయనివ్వనని మన యజమానురాలు గ్రాసియెలా గారు పట్టుబట్టడం నాకు నచ్చలేదు. శ్రామికుణ్ణి అనుమానంతోనే పలకరించే రాజ్యం గురించి నేను చదివిందంతా ఆవిడకు చెప్పబోయాను. "ఉపన్యాసం తర్వాత ఇద్దువుగాని, ముందు ఆ తాళంచెవి కొయ్యరా నాయనా" అన్నారు.

నిన్ను మళ్ళీ ఎందుకు పిలిచారు బాబాయ్? ఏదన్నా ఉంటే నా దగ్గర దాచకు. ఒకసారి శిక్ష అనుభవించిన మనిషిని మళ్ళీ శిక్షించే హక్కు ఎవడికీ లేదు.

నీ వెంటే నిలబడే
లియాండ్రో


సలీనాస్,
మార్చి మధ్యలో

ప్రియమైన లియాండ్రో,

ఉత్తరం చేరింది. రెండోసారి కూడా వెళ్ళి ఇచ్చి వచ్చాను. అదేమంత చెప్పుకునే సంగతి కాదు.

ఇక్కడ పొద్దెక్కేదాకా పొగమంచు వీడదు. మా ఒఫేలియా నాచేత బీన్స్ ఏరిస్తోంది, నేను ఏరినవి మళ్ళీ తనే ఏరుకుంటోంది. చర్చి పక్క తలుపు వానకు ఉబ్బి ఉంటుంది, ఫాదర్ కబురు పెడితే తాళం మార్చకు, తలుపుకు చిత్రిక పట్టించు. గ్రాసియెలాతో పోట్లాడకు. కార్డు లేనివాణ్ణి పనికి పంపితే మూతపడేది ఆవిడ కొట్టు. నువ్వు చదివే కరపత్రాలు మన ముగ్గురికీ తిండి పెట్టవు.

చేతులు కడుక్కున్నాకే తిను.
ఎవుసేబియో


మర్సెడ్,
ఏప్రిల్

ప్రియమైన బాబాయ్,

నేను అడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. అర్థమైంది. కుర్రతనంలో ఏం చేశావో, ఎవరిది తీశావో నాకు అక్కర్లేదు. నా గౌరవం వీసమంత తగ్గలేదు.

ఊరుకోలేక ఒక కరపత్రం అచ్చు వేయించాను. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీదా, బట్టలుతికే కొట్టులోనూ, టాకోలమ్మే తిండి బండి దగ్గరా పంచాను. "మన తలుపులు ఇన్నేళ్ళు కాపాడిన ఎవుసేబియో ఎప్పుడో చేసిన తప్పుకు ఇంకా ఎన్నాళ్ళు శిక్ష అనుభవించాలి? ఆయన కార్డు ఆయనకు ఇవ్వండి" అని రాశాను. ఎవరూ నలిపి పారేయలేదు. ఫాదర్ మడిచి జేబులో పెట్టుకున్నారు. నువ్వెప్పుడూ పెరటి తలుపు బాగుచేసిపెట్టే ఓర్తెన్సియా అవ్వ కళ్ళు తుడుచుకుంది.

గ్రాసియెలా గారు మాత్రం చదివి, స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఏం తప్పురా? ఎవడు చెప్పాడు నీకు?"

ఎవరూ చెప్పలేదు, ఆయన మౌనమే చెప్పింది అన్నాను. ఆవిడ కరపత్రాన్ని గల్లాపెట్టెలో పెట్టి తాళం వేశారు. యజమానులు అంతే. మాటకు ఇంత బలం ఉంటుందని నాకు మొదటిసారి తెలిసింది. ధైర్యంగా ఉండు.

నీ
లియాండ్రో


సలీనాస్,
ఏప్రిల్ చివర

ప్రియమైన లియాండ్రో,

నువ్వు కరపత్రం పంచిన వారంలోనే నా కార్డు వచ్చింది. నా మీద ఎక్కడా ఏ కేసూ లేదు. ఎప్పుడూ లేదు.

ముద్రలు రెండోసారి అడిగింది మొదటిసారి అవి సరిగ్గా పడక. ఇన్నేళ్ళు ఆకురాయి పట్టి, ఇత్తడి పొడిలో నలిపి, తుప్పు వదిలించే నూనెల్లో ముంచి నా వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. యంత్రం దగ్గర పిల్ల ఒక్కో వేలూ అదిమి చూసి, "తాతా, గోలీకాయల్లా ఉన్నాయి" అని నవ్వింది. రెండోసారీ పడలేదు. చివరికి నా పేరు పెట్టి కేసుల జాబితాల్లో వెతికి, ఏమీ లేదని తేల్చారు. మన పనిలో ముసలైనవాడికి ఇది మామూలే, ఇందులో రాయడానికి ఏముందనుకున్నాను.

ఫాదర్ ఫోన్ చేశారు, నా బదులు ఒఫేలియా విని చెప్పింది. దేవుడు అందరినీ క్షమిస్తాడని చెప్పి, నా దగ్గరున్న చర్చి తాళంచెవి వీలు చూసుకుని పంపమన్నారు. ఓర్తెన్సియా వేరే కొట్టువాళ్ళ చేత ఇంటి తాళాలన్నీ మార్పించుకుందట. నాకోసం కొవ్వొత్తి కూడా వెలిగిస్తోందట. నిన్న అన్నం దగ్గర ఒఫేలియా, "అమ్మకైనా తెలుసా నాన్నా?" అని అడిగింది. కార్డు తీసి చూపించాను. చూసింది. అయినా ఇంకేదో చెబుతానని నా మొహంకేసి చూస్తూనే ఉంది.

ఇంకో కరపత్రం వేయకు. నేను దొంగను కానని వీధివీధినా పంచితే, ఇంతవరకు అనుకోనివాళ్ళు కూడా అనుకోవడం మొదలుపెడతారు. మొదటిది నా పగవాడు రాసి ఉంటే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. నన్ను ప్రేమించేవాడు రాశాడు కాబట్టి నమ్మారు.

ఇక్కడే ఒక కొట్టులో పనికి కుదిరాను. మర్సెడ్‌కు రాను. గ్రాసియెలాకు వేరే రాశాను. నా పనిముట్లు నువ్వే ఉంచుకో.

నీ మీద కోపం లేదు. కానీ ఒక్క మాట. నువ్వు తిట్టే ఆ ఆఫీసువాళ్ళు నన్ను అనుమానించారు, రెండుసార్లు అడిగారు, వెతికి చూశాకే తేల్చారు. నువ్వు నన్ను ఒక్కసారి అడిగి, జవాబు నువ్వే చెప్పుకున్నావు.

ఆరోగ్యం జాగ్రత్త.
ఎవుసేబియో