చెక్క మీద పెంచలయ్య పేరు

మద్రాసు,
మంగళవారం.

నాయన పాదాలకు నీ పెద్దకొడుకు మాలకొండయ్య దండం పెట్టి రాసేది. నేను బాగానే ఉండాను. నువ్వు, అమ్మ, మరదలు రమణమ్మ ఎట్లుండారు? ఉదయగిరిలో వానలు పడినాయా? నాయనా, ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించబాక. ముందు నువ్వొక్కడివే చదువు. అంగడి రంగయ్య శెట్టి మనింటికొస్తే అరుగు మీదే కూర్చోబెట్టు, లోపలికి రానీబాక. ఎందుకో చెప్తాను.

ఇక్కడ వడ్రంగి షెడ్డులో పని దండిగా ఉండాది. ఉక్కపోతకు చొక్కా ఒంటికి అంటుకుంటాది. హోటల్ సాంబారన్నం తిని తిని నోరు చచ్చిపోయింది, సంగటి మీదే పానం. అయినా బాగానే ఉండానులే, అమ్మను దిగులుపడొద్దని చెప్పు.

ఈ పేటలో మన పడమటి తాలూకాల నుంచి వచ్చినోళ్ళం నూరుమంది దాకా ఉండాము. పంద్రాగస్టుకు జెండా ఎగరేసి, యుద్ధంలో పోయిన మనోళ్ళ పేర్లు చెక్క మీద చెక్కించి, దాని కింద పూలు పెట్టాలనుకున్నారు. ఉదయగిరోడు, కొయ్య గరిటెలు చెక్కిన చెయ్యి, వీడే చెక్కాల అని నాకిచ్చినారు. తొమ్మిది పేర్లు చెక్కినాక కింద జానెడు జాగా మిగిలింది. "మీ తమ్ముడు కూడా బర్మా నుంచి రాలేదు గదరా, వాడి పేరూ ఎక్కియ్యి" అన్నాడు మా పేట పెద్దాయన.

నేను వద్దనలా నాయనా. నా చేత్తోనే చెక్కినాను. వాడు చచ్చినాడనుకోని కాదు. నాలుగేండ్లుగా మనింట్లో వాడి పేరెత్తితే అందరం తల దించుకుంటాము. నలుగురిలో ఎవురన్నా గట్టిగా పెంచలయ్యా అని పిలిస్తే ఒక్కసారి వినాలనిపించింది. అంతే. నా బుద్ధి గడ్డి తినింది.

నిన్న జెండా పైకి పోయింది, మిఠాయి పంచినారు, అందరూ జై కొట్టినారు. పేరు పిలిచినప్పుడల్లా ఆ ఇంటోళ్ళు పోయి పూలు పెట్టి వచ్చినారు. మనోడి పేరూ పిలిచినారు. నేనూ పూలు తీసుకోని చెక్క దాకా పోయినాను. పూలు పెట్టలేకపోయినాను నాయనా! పెడితే వాడు నిజంగా పోయినట్టే గదా. జేబులో వేసుకోని వెనక్కొచ్చినాను.

సరుకు కోసం వచ్చిన శెట్టి ఆ గుంపులోనే ఉండాడు. నన్ను పట్టుకోని ఏడిచినాడు. "కబురొస్తే ఇంటికి చెప్పకుండా దాస్తావేందిరా? పాపం, మీ తమ్ముడి పెండ్లానికి ఇంకెన్నాళ్ళు ఈ ఆశ? నేనే పోయి చెప్తాలే" అన్నాడు. ఏ కబురూ రాలేదు శెట్టీ అని మొత్తుకున్నాను. "నువ్వు చెక్కిందే గదా" అని చెక్క చూపిచ్చినాడు. పొద్దున్నే రైలెక్కినాడు. నెల్లూరులో రెండు రోజులుండి ఊరికొస్తాడంట. తంతి ఇద్దామా అంటే, దాన్ని చూస్తేనే అమ్మ గుండె ఆగిపోతాది.

నీ కాళ్ళు పట్టుకుంటాను నాయనా. మిలిటరీ కాయితంలో కనపడలేదని ఉండాది, చచ్చినాడని లేదు. ఎవురేమన్నా రమణమ్మ గాజులు తీయనీబాక, బొట్టు చెరపనీబాక. ఆ పిల్ల బతుకు నా ఉలితోనే చెరిపినానేమో నాయనా. పేరు తీసేస్తానంటే పెద్దాయన ఒప్పుకోడంలా. ఒప్పుకోకపోయినా తీసేస్తాను.

అమ్మకు, మన వీధి పెద్దోళ్ళకు నా దండాలు. నన్ను ఎంతన్నా తిట్టు, దీవించడం మాత్రం మానబాక.

ఇట్లు,
నీ కొడుకు
మాలకొండయ్య

కవర్లో కనకాంబరాలు ఉండాయి చూడు. ఆ చెక్క కింద పెట్టకుండా తెచ్చినవే. పెట్టలా కాబట్టి వాటికి మైల లేదు. కొంచెం నలిగినాయి. శెట్టి వచ్చేలోపల రమణమ్మను తల్లో పెట్టుకోమను.