చదవకుండా దాటేసిన నాలుగు వరుసలు

చిట్టితల్లికి,

నాన్న దీవెనలు. మేమంతా కులాసా, మీ అమ్మ మోకాలు తప్ప. అది ఆదివారం ప్రార్థన సభలో నా ప్రసంగం మొదలవగానే నొప్పి పుట్టి, ముగియగానే తగ్గిపోతుందట!

ఆ దూరదేశంలో మన సైన్యం ఉండాలా, వెనక్కి రావాలా అని మీ విదేశాంగ కార్యాలయం నిన్ను నివేదిక రాయమంది. "ఉండాలని రాస్తేనే పైవాళ్లు మెచ్చుకుంటారు. నువ్వేమంటావు నాన్నా?" అని అడిగావు. ఒకప్పుడైతే బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. గుద్దాను కూడా. శత్రువు కూలాలని నేను గర్జించిన ఆదివారమే బేకరీ ఆయన కొడుకు సైన్యంలో పేరు రాయించుకున్నాడు.

గడియారాలు బాగుచేసుకుంటూ పరిశుద్ధ గ్రంథాన్ని నాకు నేనే చదువుకున్నవాణ్ణి. నచ్చినచోటల్లా ఎర్ర పెన్సిల్‌తో గీసుకున్నాను. పట్టణం ఎప్పుడు నాశనమవుతుందా అని ఊరి బయట కూర్చున్న ప్రవక్త కోపం కింద గీత ఉంది. అంతమంది అమాయకుల మీద జాలిపడవద్దా అని దేవుడు ఆయన్ని నిలదీసినచోట లేదు.

ఇక నీ దగ్గర దాచినది చెబుతాను. బేకరీ ఆయనకి చదువు రాదు కదా, కొడుకు ఉత్తరాలు ప్రార్థన సభలో నేనే చదివేవాణ్ణి. ఏడేళ్ల కిందట ఆ దూరదేశం నుంచే వచ్చిన ఆఖరి ఉత్తరంలో నాలుగు వరుసలు దాటేశాను. "నాన్నా, మేం వీళ్లకి కాపలా అంటారు. మమ్మల్ని చూస్తే పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులేసుకుంటున్నారు. వీళ్లకేం కావాలో ఎవరూ అడగలేదు. ఎందుకో అయ్యగారిని అడుగు."

నన్నే అడగమన్నాడమ్మా! గొంతు సవరించుకుని, "అందరికీ నమస్కారాలు" అని ముగించేశాను. ఆ నెలలోనే అతను పోయాడు. ఉత్తరం నా గ్రంథంలోనే ఉండిపోయింది.

నీ ప్రశ్న చదివాక ఉండబట్టలేక బేకరీకి వెళ్లి మొత్తం చదివాను. ఆయన పిండి కలపడం ఆపలేదు.

"మళ్లీ చదవండి," అన్నాడు. చదివాను.

"ఏడేళ్లు నా ముఖం చూస్తూ రొట్టె ఎలా కొనుక్కెళ్లారు అయ్యగారూ?"

పిండి ముద్ద మీద గుడ్డ కప్పి ఆయన అడిగాడు: "మీ అమ్మాయి రాసేది పెద్దవాళ్లు చదువుతారా?"

"చదువుతారు."

"అయితే వాడి ఉత్తరం పంపండి. ఈసారి ఏదీ వదలొద్దని చెప్పండి."

అందుకే జతచేశాను. సైన్యం ఉండాలో రావాలో తేల్చే తెలివి నాకు లేదు. ముందు ఆ తలుపులు తట్టి, లోపలివాళ్లని అడగమని రాయి. పైవాళ్లు నిన్ను గెంటేస్తే, నా కొట్లో ఇంకో స్టూలు వేస్తాను.

ఆ నాలుగు వరుసల కింద ఎర్ర గీత నేను గీసిందే. నిన్న పొద్దున.

ఇట్లు,
అడగడం ఆలస్యంగా నేర్చుకున్న
మీ నాన్న