ప్రెస్ ఆపే బోర్డు

బాపూ,

నువ్వు పోయి ఇయ్యాలటికి యాడాది. నీ చెయ్యి నలిపిన అసువంటి రేకులొత్తే ప్రెస్‌కే పటాన్‌చెరులో సర్క్యూట్ బోర్డు పరీక్షిస్తున్న. లోపల చెయ్యి ఉంటే అది ప్రెస్‌ను ఆపాలె. ప్రోగ్రాంను నడుమ ఆపి చూపించే డీబగ్గర్‌కు కొత్త వెర్షన్ వేసినంక, ఈ బోర్డుల ఉన్న ఒక్క రకం చిప్ మీదనే అది ప్రోగ్రాంను ఆపుతలేదు.

"బోర్డే ఖరాబ్. ఇంకోటి పెట్టమ్మా, జల్దీ. లారీ నిలబడ్డది," అన్నడు మేనేజర్ సారు.

"పాత డీబగ్గర్‌తో ఒక్కసారి చూస్త సార్."

పాతది ప్రోగ్రాంను ఆపింది. తప్పు బోర్డుది కాదు. కొత్తదానిలోని మార్పులను ఒక్కొక్కటే తీసేసుకుంట పోయిన. ఈ చిప్ బైట్లను తిరగేసి చదువుతదని మరిచి రాసిన మార్పు దొరికింది. అది తీయంగనే ప్రోగ్రాం ఆగింది. ప్రోగ్రాంల చెయ్యిని కనిపెట్టే వరుస సరిగ్గనే నడుస్తున్నది.

అయినా సెన్సర్ ముందు నా చెయ్యి పెట్టిన. ప్రెస్‌కు బదులు పరీక్షకని బోర్డుకు తగిలించిన మోటార్ ఆగింది.

"ఆగింది గదమ్మా, ఇగ చెయ్యి తియ్యి," అని సారు నవ్విండు.

జెరసేపు తీయలేదు బాపూ.

నీ బిడ్డ