జింకల గడ్డిలో కలుపు

గిద్దలూరు అడవి క్యాంపు,
జనవరి నెల.

ప్రియమైన అమ్మకు నీ పెద్ద కూతురు ఎలీషబా వందనాలు. దేవుని దయవల్ల నాకు ఇక్కడ ఏ లోటూ లేదు. నీ మోకాలి నొప్పి తగ్గిందని, హాస్టల్లో చెల్లి ఏంజెల్ బాగా చదువుకుంటోందని నమ్ముతున్నాను. ఇక్కడ ఫోను పలకదు. అందుకే ఈ ఉత్తరం జీపు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

"జింకలకు గడ్డి పెంచేదానికి కూలి ఇస్తారా? ఇదేం పని?" అని రాశావు. మొదట నేనూ నవ్వుకున్నాను. ముళ్లపొదలు అడవిని కమ్మేస్తే కింద గడ్డి మొలవదట. గడ్డి లేక జింకలు పైరు మీద పడతాయి. అందుకే పొదలు కొట్టి, వానల్లో గడ్డి దుబ్బులు నాటాం.

తర్వాత ఫారెస్టు ప్రకాష్ సారు కలుపు తీయమన్నారు. అది మాకు ఒకరు చెప్పాలా? నువ్వు నేర్పిన పనే కదా. సాయంత్రానికి నేలంతా నున్నగా చేసి పెట్టాం. సారు వచ్చి తల పట్టుకున్నారు.

"ఏందమ్మా ఇది? నాటిన గడ్డి ఏదీ?"

"పీకినాం గదా సారూ! కలుపంటే గడ్డే గదా!" అంది నాతో పనిచేసే కొండమ్మ.

సారు కోప్పడబోయి నవ్వేశారు. మళ్ళీ మొదటి నుంచి నాటాం. ఈసారి ఏది ఉంచాలో, ఏది పీకాలో ఒక్కొక్క మొక్కనూ చూడాల్సి వచ్చింది. ఇన్నేళ్లూ గడ్డి పీకాను గానీ దాని ముఖం ఎప్పుడూ చూడలేదమ్మా.

ఇప్పుడు దుప్పులు వస్తున్నాయి. పక్కపక్కనే రెండు రకాల గడ్డి ఉంటే ఒకటి మొదలు దాకా మేస్తాయి, రెండోది ముట్టవు. ఎందుకని? వాసన నచ్చకా? ముదిరిపోయిందనా? ఏ గడ్డి తిన్నాయో తెలుస్తుందని వాటి పెంటికలు విరిచి చూస్తున్నాను. "నీకేమన్నా పిచ్చి పట్టిందా ఏంది?" అని కొండమ్మ ముక్కు మూసుకుంటుంది.

ఇక అసలు మాట. మిరప కోతకు గుంటూరు వైపు ఎప్పుడు బయలుదేరుదామని అడిగావు. నేను రావడం లేదమ్మా. ఈ గడ్డి ఎండలకు చచ్చిపోతుందో, వేరు బతికి తొలకరికి చిగురిస్తుందో నా కళ్లతో చూడాలి. వానల దాకా ఉంటానని సారుకు మాటిచ్చాను, నిన్ను అడగకుండానే.

నాయన పోయినప్పటి నుంచి మిరప చేలో ఒక సాలు నీది, పక్క సాలు నాది. ఈ ఏడు ఆ సాలులో ఎవరుంటారని తలచుకుంటే అన్నం సయించడం లేదు. అట్లని ఏంజెల్ చదువు మాన్పించి తీసుకుపోవద్దు, నీ కాళ్లు పట్టుకుంటాను.

నువ్వే ఇక్కడికి రా. సారును అడిగాను, నీకూ పని ఉంది. కానీ వచ్చీ రాగానే నేల మీద చెయ్యి వేయకు. కాసేపు నా పక్కన కూర్చుని చూడు. ఏది పీకకూడదో నీకు నేను చూపిస్తాను.

ఇట్లు,
నీ మాట దాటిన నీ పెద్ద కూతురు,
ఎలీషబా