మా బావి సీసా

అక్కా,

ఏం చేయాలో పాలుపోక నీకు రాస్తున్నాను. ఆదివారం సాయంత్రాలు మా వీధివాళ్లమంతా టీ తాగుతూ ఇక్కడి కాలువ గురించీ నీళ్ల గురించీ తెలుసుకుంటున్నామని చెప్పానుగా. మొన్న సైన్సు మాస్టారు ఎవరింటి బావి నీళ్లు వాళ్లని సీసాలో పట్టుకురమ్మన్నారు. మా పెరట్లో మీ మరిది బట్టలకు రంగులద్దే పని కదా, ఆ రంగునీళ్లు బావిలోకి ఇంకుతున్నాయని తేలితే పరువు పోతుందని నేను కొట్లో కొన్న నీళ్లు పోసి పట్టుకెళ్లాను.

సీసాలన్నీ పరీక్షించి, "వీధి మొత్తానికీ మీ బావి నీళ్లే మేలమ్మా!" అన్నారాయన. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మర్నాటి నుంచి మా గుమ్మంలో బిందెలే. చేద తాడు తెగిందన్నాను. పక్కింటావిడ కొత్త తాడు తెచ్చింది. నిజం చెబితే ఈయన పని మూతపడుతుందేమో!

ఇదిగో, ఇప్పుడే ఆవిడ చెంబుతో వచ్చింది. "పాపకు పాలు కలపాలి వదినా" అంటోంది. నీ జవాబు వచ్చేదాకా పాప ఆగదు కదక్కా.

నీ చెల్లి